జాగ్రత్త ఎంత, ఆందోళన ఎంత?

కావలి నుంచి ముత్తుకూరు దాకా నెల్లూరు తీరం పొడవునా రాత్రి రెండు దాటాక కూడా మేలుకుని ఉండే మనుషులు కనిపిస్తారు. రొయ్యల గుంటల గట్ల మీద టార్చిలైట్లు తిరుగుతుంటాయి. దానికి కారణం ఉంది. పగటిపూట నీటిలోని నాచు ఎండ సాయంతో ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అయితే అదే నాచు ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. రొయ్యలూ వాడుకుంటాయి. అడుగున కుళ్ళుతున్న మేత కూడా కొంత లాగేస్తుంది. అందుకే తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ వేళకు కరెంటు పోయి, ఏరేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) ఆగి, జనరేటర్ వెంటనే అందుకోకపోతే నెలల తరబడి పెంచిన పంట గంటల్లో పోతుంది.

కాబట్టి ఆ రైతు మేలుకుని ఉండటం జబ్బు కాదు. వృత్తి నేర్పిన జాగ్రత్త అది. అదే రైతు పంట పట్టేశాక, డబ్బు చేతికొచ్చి గుంట ఎండబెట్టిన రోజుల్లో కూడా రెండింటికి ఉలిక్కిపడి లేస్తున్నాడనుకుందాం. గుండె దడదడలాడుతుంది. ఒళ్ళంతా చెమట. తెల్లారేదాకా కంటి మీద కునుకు రాదు. ఇక్కడ సంగతి వేరు. ప్రమాదం లేకపోయినా శరీరం ప్రమాదంలో ఉన్నట్టే నడుచుకుంటోంది. ఇలా నెలల తరబడి సాగి పనినీ నిద్రనూ ఇంటినీ దెబ్బతీస్తే వైద్యులు దాన్ని ఆందోళన రుగ్మత అంటారు.

ఇది ఎలా పుడుతుంది, ఎందుకు తనంతట తాను పోదు, చికిత్స దీన్ని ఎలా తగ్గిస్తుంది అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ తీరంలో భయానికి కారణాలున్నాయి

ఇక్కడి భయాలు ఊరికే పుట్టినవి కావు. ఈ మాట ముందే ఒప్పుకోవాలి. 1984 నవంబరులో పెను తుఫాను శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. 2004 డిసెంబరు 26న సునామీ మత్స్యకారుల పాలేల మీదికి వచ్చింది. పడవలు, వలలు పోయాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టనూ జాతీయ రహదారినీ కోసేసింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు నెల్లూరు జిల్లాను వానలతో ముంచింది. వీటికి తోడు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలు పడవలు ఒడ్డునే ఉంటాయి.

రొయ్యల సాగు కష్టాలు ఇంకో రకం. 1994–95లో తెల్లమచ్చల వైరస్ టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది. 2009లో వనామి అనే మరో రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చాక గుంటలు మళ్ళీ నిండాయి. వనామికీ జబ్బులు తప్పలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఆ దెబ్బ ఇక్కడి గుంట గట్టు మీద ధరకు తగిలింది. ఎక్కడో తీసుకున్న నిర్ణయం ఇక్కడి రైతు నిద్ర చెడగొట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు.

ఇన్ని ప్రమాదాల మధ్య బతికే అందరికీ ఆందోళన రుగ్మత రాదు. వంశపారంపర్యంగా వచ్చే స్వభావం, చిన్ననాటి అనుభవాలు, ఒకదాని మీద ఒకటి పడిన దెబ్బలు కలిస్తే కొందరికి వస్తుంది. మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో 30 కోట్ల మందికి పైగా ఆందోళన రుగ్మతలతో ఉన్నారు. వారిలో చికిత్స అందేది సుమారు నలుగురిలో ఒకరికే. మన దేశంలో బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని అందులో తేలింది.

ఈ రుగ్మతలో రకాలున్నాయి. అన్నిటి గురించీ ఆగని చింత ఒకటి. కనీసం ఆరు నెలలుగా, చాలా రోజులు, ఆపుదామన్నా ఆగకుండా అది ఉంటుంది. దాంతోపాటు అలసట, చిరాకు, మెడ భుజాల బిగుతు, నిద్రలేమి కనిపిస్తాయి. హఠాత్తుగా విరుచుకుపడే తీవ్ర భయం రెండోది. దీన్ని పానిక్ అటాక్ అంటారు. నలుగురిలోకి వెళ్ళాలంటే భయం మూడోది. తుఫాను, ప్రమాదం, దాడి వంటివి చూసిన తర్వాత ఆ దృశ్యాలు మళ్ళీ మళ్ళీ కళ్ళముందుకు రావడం వీటికి దగ్గరి చుట్టమే అయినా వైద్యులు దాన్ని విడిగా లెక్కిస్తారు.

ఒంట్లో ఏం జరుగుతుంది

మెదడు లోపల అమిగ్డలా (ప్రమాదాన్ని పసిగట్టే చిన్న భాగం) ఉంటుంది. మనం ఆలోచించుకునేలోపే అది హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ (శరీరాన్ని పరుగుకో పోరాటానికో సిద్ధం చేసే రసాయనం) విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది. రక్తం కాళ్ళు చేతుల్లోని పెద్ద కండరాలకు పరుగెడుతుంది. జీర్ణక్రియ మందగిస్తుంది, కడుపులో తిప్పినట్టు అవుతుంది. పాము ఎదురైనప్పుడు ఇదంతా ప్రాణం కాపాడుతుంది.

కృష్ణపట్నం ఓడరేవులో తుఫాను వేళ ప్రమాద హెచ్చరికలు ఎగరేస్తారు. ఒకటో నంబరు అంటే ఎక్కడో దూరాన వాయుగుండం ఉందని. పదో నంబరు అంటే పెను ముప్పు వచ్చిందని. ఆందోళన రుగ్మతలో మబ్బు పట్టినప్పుడల్లా పదో నంబరే ఎగురుతుంది. హెచ్చరిక వ్యవస్థ ఉండటంలో తప్పు లేదు. దాని కొలత చెడింది.

పానిక్ అటాక్‌లో ఇంకో మెలిక ఉంది. భయంతో ఊపిరి వేగంగా తీస్తాం. అప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మామూలు కంటే తగ్గిపోతుంది. దాంతో తల తిరుగుతుంది, వేళ్ళకూ పెదాలకూ తిమ్మిర్లు ఎక్కుతాయి, గాలి ఆడనట్టు ఉంటుంది. ఆ లక్షణాలు చూసి మనిషి ఇంకా భయపడతాడు. ఊపిరి ఇంకా వేగమవుతుంది. ఇలా ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోయి, సాధారణంగా పది నిమిషాల లోపే శిఖరానికి చేరుతుంది. తర్వాత తనంతట తానే దిగుతుంది. అడ్రినలిన్ ఉధృతి ఎక్కువసేపు నిలవదు.

ఆ పది నిమిషాల్లో మనిషికి అనిపించేది మాత్రం ఒక్కటే, ప్రాణం పోతోందని. ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి పరుగెత్తుతారు. ఈసీజీ తీస్తారు. బాగానే ఉంటుంది. "ఏం లేదు, గ్యాస్" అని పంపేస్తారు. ఊరట కాసేపే. మళ్ళీ వస్తే, మళ్ళీ పరుగు. గుండె నొప్పి మొదటిసారి వచ్చినప్పుడు పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి. థైరాయిడ్ తేడాలు, రక్తహీనత, గుండె లయ తప్పడం కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి. అవేవీ లేవని తేలాక కూడా దడ ఆగకపోతే ఐదో ఈసీజీ వల్ల ఉపయోగం లేదు. అప్పుడు వెళ్ళాల్సింది మానసిక వైద్యం దగ్గరికి.

తనంతట తాను ఎందుకు పోదు

ఆందోళనను పెంచి పోషించేది ముఖ్యంగా తప్పించుకోవడం. విడవలూరు నుంచి నెల్లూరుకు బస్సులో వెళ్తూ ఒక స్త్రీకి పెన్నా వంతెన మీద పానిక్ అటాక్ వచ్చిందనుకుందాం. ఇది ఫలానా మనిషి కథ కాదు. చికిత్స గదుల్లో తరచూ కనిపించే తీరు. మర్నాడు ఆమె బస్సు ఎక్కలేదు. మనసుకు హాయిగా ఉంది. మెదడు దాని నుంచి ఒక పాఠం నేర్చుకుంటుంది: బస్సు ఎక్కలేదు కాబట్టే బతికాను. వారం తిరిగేసరికి కోవూరు సంతకు కూడా వెళ్ళదు. నెల తిరిగేసరికి ఇల్లు దాటదు. తప్పించుకున్న ప్రతిసారీ భయం అప్పటికి తగ్గుతుంది, మొత్తం మీద పెరుగుతుంది.

పైకి తప్పించుకోవడంలా కనిపించని పనులు కూడా ఇదే చేస్తాయి. నీళ్ళ సీసా లేకుండా కదలకపోవడం, తోడు లేకుండా వెళ్ళకపోవడం, ఘడియకోసారి నాడి పట్టుకుని చూసుకోవడం, ఇంట్లోవాళ్ళను "నాకేం కాదు కదా?" అని పదే పదే అడగడం. రాత్రి ఒక చుక్క వేసుకుంటే గానీ నిద్ర పట్టదనే మగవాళ్ళదీ ఇదే దారి. మద్యం ఆ రాత్రికి మత్తు ఇస్తుంది. దిగే వేళకు దడను రెట్టింపు చేస్తుంది.

చికిత్స గదిలో ఏం చేస్తారు

ఆందోళనకు ఎక్కువగా పరీక్షకు నిలిచిన మాటల చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచననూ ప్రవర్తననూ కలిపి మార్చే శిక్షణ). అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో దీనికి పునాది వేశాడు. ఇందులో భాగంగా వాడే, భయపడే విషయాన్ని మెట్లు మెట్లుగా ఎదుర్కొనే పద్ధతిని దక్షిణాఫ్రికాలో పుట్టిన జోసెఫ్ వోల్పె 1950లలోనే అభివృద్ధి చేశాడు. ఈ చికిత్స సాధారణంగా వారానికి ఒకసారి, ముప్పావు గంట నుంచి గంట, మూడు నాలుగు నెలలు సాగుతుంది. ఇది ఓదార్పు మాటల కార్యక్రమం కాదు. ఇంటిపని ఉంటుంది. సగం ఫలితం ఆ ఇంటిపనిలోనే ఉంది.

పైన చెప్పిన స్త్రీతో సైకాలజిస్టు మాట ఇలా నడవొచ్చు.

"బస్సు ఎక్కితే ఏమవుతుందని భయం అమ్మా?"

"గుండె ఆగిపోద్ది మేడమ్. వంతెన మీదైతే దిగను కూడా దిగలేను."

"ఇప్పటిదాకా ఎన్నిసార్లు దడ వచ్చింది?"

"శానాసార్లు."

"ఎన్నిసార్లు గుండె ఆగింది?"

"ఆగలేదు. ఆ టైముకు నీళ్ళు తాగినా, మా చెల్లెలి చెయ్యి పట్టుకున్నా. అందుకే ఆగలేదు."

ఆ చివరి మాటలోనే జబ్బు కీలకం ఉంది. ఇన్నిసార్లు దడ వచ్చి తగ్గినా ఆమె మెదడు ఆ అనుభవం నుంచి ఏమీ నేర్చుకోలేదు. బతికించిన ఘనతంతా నీళ్ళకూ చెల్లెలికీ ఇచ్చేసింది. చికిత్స చేయాల్సింది ఈ లెక్కను సరిచేయడం. వాదించి సరిచేయలేరు. అనుభవంతోనే సరిచేయాలి.

మొదట ఆమెకు ఒంట్లో జరిగేది వివరిస్తారు. ఆ తర్వాత గదిలోనే ఒక నిమిషం వేగంగా ఊపిరి తీయమంటారు. తల తిరుగుతుంది, తిమ్మిరి ఎక్కుతుంది, ఊపిరి మామూలయ్యాక అదే పోతుంది. ప్రాణం మీదికి తెచ్చిందనుకున్న లక్షణం తన ఊపిరితోనే పుట్టి పోవడం ఆమె కళ్ళారా చూస్తుంది. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ, గర్భం ఉన్నవారితో డాక్టరు అనుమతి లేకుండా ఇది చేయించరు.

తర్వాత భయాలను మెట్లుగా రాస్తారు. బస్టాపు బల్ల మీద కాసేపు కూర్చోవడం మొదటి మెట్టు. చెల్లెలితో కోవూరు దాకా వెళ్ళడం రెండోది. ఒంటరిగా కోవూరు వెళ్ళడం మూడోది. చెల్లెలు వేరే సీట్లో ఉండగా వంతెన దాటడం నాలుగోది. నీళ్ళ సీసా లేకుండా, ఒంటరిగా నెల్లూరు వెళ్ళి రావడం చివరిది. ప్రతి మెట్టుకూ ముందు "ఏం జరుగుతుందనుకుంటున్నాను" అని రాస్తుంది. తిరిగొచ్చాక "ఏం జరిగింది" అని రాస్తుంది. ఈ రెండు గళ్ళ మధ్య తేడా పెరిగే కొద్దీ మెదడు కొత్త పాఠం నేర్చుకుంటుంది. పాత భయం చెరిగిపోదు. దాని పక్కన కొత్త జ్ఞాపకం బలపడి నిలుస్తుంది. అందుకే ఒక్కసారి చేసి ఆపితే చాలదు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు బస్సుల్లో చేయాలి.

ఈ దారిలో దడ వస్తుంది. రావాలి కూడా. దడ రాకుండా చేసుకోవడం నేర్పరు. దడ ఉండగానే పని పూర్తిచేయడం నేర్పుతారు.

ప్రమాదం నిజమైతే ఏం చేస్తారు

నెల్లూరు తీరం వాళ్ళు అడగాల్సిన ప్రశ్న ఇది. వంతెన మీద గుండె ఆగదని నిరూపించవచ్చు. గుంటకు వైరస్ రాదనీ, తుఫాను రాదనీ ఎవరు చెప్పగలరు? మంచి చికిత్సకులు ఆ మాట చెప్పరు. వాళ్ళు చేసేది జాగ్రత్తను ఆందోళన నుంచి విడదీయడం.

మొదట్లో చెప్పిన రైతు ఇప్పుడు గుంటలో మళ్ళీ రొయ్య పిల్ల వదిలాడనుకుందాం. కాగితం మీద రెండు గళ్ళు గీయమంటారు. చేతిలో ఉన్నవి ఒక గడిలో: జనరేటర్‌లో డీజిల్, ఏరేటర్ల మరమ్మతు, ఆక్సిజన్ కొలిచే మీటరు, చెక్ ట్రే (మేత ఎంత తిన్నదో, రొయ్య ఎలా ఉందో చూసే వల పళ్ళెం) చూసే వేళలు. చేతిలో లేనివి రెండో గడిలో: అమెరికా సుంకం, వచ్చే వారం ధర, పక్క గుంటలో జబ్బు వస్తుందేమోనన్న తలపు. మొదటి గడిలోని ప్రతిదానికీ ఒక పని, ఒక సమయం పెడతారు. రెండో గడికి సాయంత్రం అరగంట కేటాయిస్తారు. పగలు ఆ చింత వస్తే "ఆరింటికి చూద్దాం" అని చీటీ రాసి పక్కన పెట్టాలి. ఆరింటికి కూర్చుని నిజంగానే ఆలోచించాలి. అప్పటికి చీటీల్లో కొన్నిటికి పస ఉండదు.

కాపలా మనిషికి రాత్రి పదిసార్లు ఫోన్ చేసే అలవాటునూ ఇలాగే పట్టుకుంటారు. ఫోన్ చేయొద్దనరు. ఆక్సిజన్ పడిపోయే వేళలు చూసి రెండు సమయాలు ఖాయం చేస్తారు. ఆ మధ్యలో చేయాలనిపించినా ఆగాలి. కరెంటు పోతే కాపలా మనిషే ఫోన్ చేస్తాడన్న ఏర్పాటు ముందే ఉంటుంది. మొదటి రాత్రులు నరకంలా ఉంటాయి. రోజులు గడిచే కొద్దీ ఆ ఉధృతి తగ్గుతుంది. తుఫాను రోజుల్లోనూ ఇదే పద్ధతి. రాత్రంతా టీవీ ముందు కూర్చోకుండా, వాతావరణ శాఖ ప్రకటనను నిర్ణీత వేళల్లో చూసి, చేయాల్సింది చేసి పడుకోవడం.

దీనికి హద్దులున్నాయి. చికిత్స అప్పు తీర్చదు, ధర పెంచదు. ఇంట్లో హింస ఉంటే దానికి వేరే సాయం కావాలి. నిద్ర పట్టిన మనిషి అప్పు గురించి తీసుకునే నిర్ణయం మాత్రం నిద్రలేని మనిషి తీసుకునే నిర్ణయం కంటే మెరుగ్గా ఉంటుంది. చికిత్స అందరికీ ఒకేలా పనిచేయదు. ఒక పద్ధతి పనిచేయకపోతే ఇంకొకటి, లేదా మందులతో కలిపి ప్రయత్నిస్తారు.

మందుల సంగతి

తీవ్రత ఎక్కువైతే సైకియాట్రిస్టు (ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు) మందులు రాస్తారు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి ముందుగా వాడేవి. ఇవి పనిచేయడం మొదలుకావడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొలి రోజుల్లో కడుపులో తిప్పడం, కాస్త కంగారు ఉండొచ్చు. చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపేముందు డాక్టరును అడగాలి. ఈ మందులకు మత్తుమందుల్లా వ్యసనం పుట్టదు. అయినా ఒక్కసారిగా మానకూడదు.

అల్ప్రాజోలం వంటి బిళ్ళలు వేరు. అరగంటలో హాయి ఇస్తాయి. వారాల తరబడి వాడితే అలవాటు పడిపోతారు, మోతాదు పెంచుకుంటూ పోతారు. అందుకే చట్టం వాటిని చీటీ లేకుండా అమ్మకూడదని చెబుతోంది. మందుల షాపులో "నిద్రమాత్ర ఇవ్వన్నా" అని తెచ్చుకున్న బిళ్ళ ఏళ్ళ తరబడి సాగుతుంటే, సొంతంగా మానకుండా డాక్టరు పర్యవేక్షణలో నెమ్మదిగా తగ్గించుకోవాలి.

ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి

"ఊరికే టెన్షన్ పడతావు" అని కసరడం పనిచేయదు. అడిగినప్పుడల్లా "ఏం కాదులే" అనడం కూడా పనిచేయదు, ఆ ఊరట గంట నిలవదు. వాళ్ళ పనులన్నీ మనమే చేసిపెట్టడం ప్రేమతో చేసే కీడు. "నీకు కష్టంగా ఉందని తెలుస్తోంది. పోయినసారి కూడా తగ్గింది కదా. మెట్టు ప్రకారం చేద్దాం" అనడం మేలు. గుడికో దర్గాకో వెళ్ళి తాయెత్తు కట్టించుకుంటామంటే అడ్డుచెప్పనక్కర్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళడం దానివల్ల ఆలస్యం కాకుండా చూసుకుంటే చాలు.

ఎక్కడికి వెళ్ళాలి

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ సేవ ప్రారంభించింది. నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తుంటే క్షణం ఆలస్యం చేయకుండా ఈ నంబరుకు ఫోన్ చేయాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడ మానసిక వైద్య విభాగం ఓపీ ఎప్పుడో అడిగి వెళ్ళవచ్చు. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందో లేదో అడగండి. అడగడం తప్పు కాదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది.

పల్లెల్లో ఇది సాధ్యమేనా అన్న అనుమానానికి మన రాష్ట్రంలోనే జవాబు ఉంది. పశ్చిమగోదావరి జిల్లాలో 30 గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ 2014–16 మధ్య ఒక ప్రయత్నం చేసింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి దిగులు, ఆందోళన గురించి ప్రశ్నలు అడిగారు. అవసరమైన వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపారు. ముప్పు ఉందని గుర్తించిన వారిలో మానసిక వైద్య సేవలు వాడుకున్నవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. అక్కడ కొత్త ఆసుపత్రులు కట్టలేదు. తెలిసిన మనిషి గడప దాకా వచ్చి అడిగింది, అంతే.

ఆ పద్ధతి నెల్లూరు పాలేలకూ, గుంటల మీద బతికే ఊళ్ళకూ రావాలి. తుఫాను సహాయ కేంద్రంలో బియ్యం, మంచినీళ్ళతో పాటు ఇలా అడిగే మనిషి కూడా ఉండాలి. అది వచ్చేదాకా మన వంతు ఒకటుంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఆరు నెలలుగా సరిగా నిద్రపోని మనిషి ఉంటే, ఈ వారమే కూర్చోబెట్టి మాట్లాడండి. 14416కు మీరే ఫోన్ కలిపి ఇవ్వండి. ఆందోళనకు చికిత్స ఉంది, అది పనిచేస్తుంది. ఎంత తొందరగా మొదలుపెడితే ఎక్కాల్సిన మెట్లు అంత తక్కువ.